అవతలి జట్టు అభిమానులను స్టేడియంలోకి రానివ్వాలా, వద్దా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐపీఎల్ మొదలైతే చాలు, బెంజిసర్కిల్ టీ కొట్ల నుంచి గుంటూరు బ్రాడీపేట గదుల దాకా ఇదే వాదన. "మన గ్రౌండ్‌లో వాళ్ల రంగేంటి, టికెట్లు మనవాళ్లకే అమ్మాలి" అని ఒకరంటారు. "డబ్బులిచ్చి కొనుక్కున్నోడు ఏ చొక్కా వేసుకుంటే నీకేంటి" అని ఇంకొకరు. విజయవాడ, గుంటూరు నుంచి బస్సెక్కి మ్యాచ్‌లకు వెళ్లేవాళ్లు, ఇక్కడ ఊళ్లలో టోర్నమెంట్లు పెట్టేవాళ్లు అడిగే ప్రశ్నలకు నా జవాబులివి. నా మాట ముందే చెప్పేస్తున్నాను: రానివ్వాలి.

మన దేశంలో క్రికెట్‌కు అలాంటి నిషేధం లేదు కదా, మరి ఈ గొడవ ఎందుకు?

లేదు, నిజమే. ఐపీఎల్‌లో అవతలి జట్టు వాళ్లకంటూ వేరే స్టాండ్ ఉండదు. యాప్‌లో ఎవరు ముందు కొంటే సీటు వాళ్లది. అందుకే చెన్నై ఆడటానికి వచ్చిన రోజు ఉప్పల్‌లో ఎటు చూసినా పసుపే కనిపిస్తుంది. ధోనీ బ్యాట్ పట్టుకుని మెట్లు దిగుతుంటే వచ్చే గోల సన్‌రైజర్స్ బ్యాటర్లు ఎవరికీ రాదు. ఆరెంజ్ జెర్సీ వేసుకుని కూర్చున్నవాడికి కడుపు మండుతుంది. అక్కడి నుంచి వస్తుంది ఈ కోరిక. బయటి దేశాల్లో అయితే ఇది కోరికగా ఆగలేదు, నిజంగానే గేట్లు మూసిన క్లబ్బులున్నాయి.

సొంత స్టేడియం నిండా సొంత జనమే ఉండాలనుకోవడం తప్పా?

తప్పు కాదు. స్టేడియం మనవాళ్లతో నిండితే ఆటగాడికి ఊపొస్తుంది. రిఫరీల మీద కూడా ఆ కేకలు పనిచేస్తాయి. 2020లో కరోనా వల్ల ఫుట్‌బాల్‌ను ఖాళీ స్టేడియాల్లో ఆడించినప్పుడు పరిశోధకులు లెక్కలు తీశారు. సొంతగడ్డ మీద ఆడే జట్టుకు ఉండే పైచేయి తగ్గింది, బయటి జట్టుకు రిఫరీ హెచ్చరికగా చూపే పసుపు కార్డులూ తగ్గాయి.

ఇల్లు చేజారిపోతే ఎలా ఉంటుందో బార్సిలోనా వాళ్లను అడగాలి. 2022 ఏప్రిల్ 14న యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్. జర్మనీ నుంచి వచ్చిన ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌కు కేటాయించింది 5 వేల టికెట్లు. బార్సిలోనా సొంత స్టేడియం క్యాంప్ నౌలో కనిపించింది దాదాపు 30 వేల మంది. బార్సిలోనా 2-3తో ఓడిపోయింది. ఇది సిగ్గుచేటని క్లబ్ అధ్యక్షుడు లపోర్తానే అన్నారు. ఆ బాధ నాకు బాగా తెలుసు. అయితే ఆ టికెట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. చాలావరకు బార్సిలోనా అభిమానుల చేతుల మీదుగానే అటు వెళ్లాయి. తప్పు కొన్నవాడిదా, అమ్ముకున్నవాడిదా? ఇకపై యూరప్ మ్యాచ్‌లకు పేరు రాసిన టికెట్లే ఇస్తామని క్లబ్ తర్వాత ప్రకటించింది. అది సరైన వైద్యం. నీ ఇల్లు నింపుకోవడానికి నీ వాళ్లకు ముందు అమ్ము, తక్కువకు అమ్ము, సీజన్ పాస్ ఇవ్వు. అవన్నీ చేశాక మిగిలిన సీటును అవతలివాడు కొంటే గేటు దగ్గర అతని చొక్కా పట్టుకోకు. నేను గీసే గీత ఇదే.

అయితే ఆధార్ చూసి, పిన్‌కోడ్ చూసి స్థానికులకే టికెట్లు అమ్మితే సరిపోతుంది కదా?

అమెరికాలో చేశారు. 2014 జనవరిలో సియాటిల్ సీహాక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల మధ్య పెద్ద మ్యాచ్. క్రెడిట్ కార్డు చిరునామా సియాటిల్ ఉన్న వాషింగ్టన్, ఒరెగాన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లోనో, కెనడాలోని రెండు ప్రావిన్సుల్లోనో ఉంటేనే టికెట్ అమ్మారు. 49ఎర్స్ సొంత రాష్ట్రం కాలిఫోర్నియా పేరు ఆ జాబితాలో లేదు. ఒక అభిమాని 5 కోట్ల డాలర్లకు దావా వేశాడు గానీ కోర్టులో నిలవలేదు. ఐస్ హాకీలో నాష్‌విల్ ప్రెడేటర్స్ అయితే, చికాగోతో మ్యాచ్ టికెట్ కావాలంటే దాంతోపాటు ఇంకో మ్యాచ్ టికెట్ కూడా కొనాల్సిందే అంది.

ఇప్పుడు ఆ పద్ధతిని ఉప్పల్‌కు తెచ్చి చూడండి. మొదటి దెబ్బ పడేది చెన్నైవాడికి కాదు, మనకే. విజయవాడ నుంచి ఉప్పల్ దాదాపు 270 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 350. మన రెండు ఊళ్లలో ఎక్కడా ఐపీఎల్ ఆడరు. బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో 2002 నవంబర్ 24న వెస్టిండీస్‌తో వన్డే జరిగింది. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ను తేల్చిన ఆఖరి మ్యాచ్ అది. మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, వాళ్లు 4-3తో సిరీస్ పట్టుకుపోయారు. ఆ తర్వాత పురుషుల వన్డే మళ్లీ ఇక్కడికి రాలేదు. పైగా 2014 తర్వాత హైదరాబాద్ మనకు వేరే రాష్ట్రం. చిరునామా చూసి అమ్మితే, సన్‌రైజర్స్ పుట్టినప్పటి నుంచి ఆరెంజ్ వేసుకుంటున్న పటమటవాడు కూడా "బయటి రాష్ట్రం" అయిపోతాడు.

మ్యాచ్ రోజు పొద్దున పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సుల దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. ఈ సీజన్‌లో అక్కడ ఒక తండ్రీకూతుళ్లను చూశాను. ఆయనది ఆరెంజ్, ఆ పిల్లది 7 నంబరున్న పసుపు జెర్సీ, కింద స్కూలు బూట్లు. స్టేడియంలోకి బయటి తిండి పోనివ్వరని పులిహోర ప్యాకెట్ బస్సులోనే తినేయాలని ముందే ఒప్పందం చేసుకున్నారు. సాయంత్రం ఏడున్నర మ్యాచ్ అయ్యాక అర్ధరాత్రి ఎల్బీనగర్‌లో బస్సు పట్టుకుని, తెల్లారేసరికి ఇల్లు చేరాలి. ఇంత కష్టపడి వెళ్లే ఇద్దరిలో ఒకరిని గేటు బయట నిలబెట్టే రూలు ఏ పద్ధతిలో రాసినా నాకు నచ్చదు.

విశాఖలో ఢిల్లీ మ్యాచ్‌లప్పుడు ఏం జరిగింది?

ఈ మొత్తం వాదనలో నాకు బాగా నచ్చే ఉదాహరణ అదే. ఢిల్లీ క్యాపిటల్స్ విశాఖను రెండో సొంత మైదానంగా పెట్టుకుంది. 2024 మార్చి 31న చెన్నై వచ్చింది. కాగితం మీద ఢిల్లీ ఇల్లు, స్టాండ్స్‌లో చూస్తే పసుపు. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టి నాటౌట్‌గా ఉంటే, ఓడిపోతున్న జట్టు కోసం జనం గొంతు పోయేలా అరిచారు. 20 పరుగుల తేడాతో ఢిల్లీ గెలిచింది. అంత పసుపులోనూ ఇంటి జట్టు గెలిచింది.

2025 మార్చి 30 ఇంకా విచిత్రం. అదే స్టేడియంలో ఢిల్లీకి అవతలి జట్టు సన్‌రైజర్స్ హైదరాబాద్. అంటే ఆంధ్ర గడ్డ మీద, తెలుగు జనం మధ్య, తెలుగువాళ్ల ఊరి జట్టు "అతిథి"! మిచెల్ స్టార్క్ 5 వికెట్లు తీశాడు, అనికేత్ వర్మ 74 కొట్టాడు, ఢిల్లీ 7 వికెట్లతో గెలిచింది. ఆ రోజు అవతలి జట్టు అభిమానులను రానివ్వం అని ఢిల్లీ అని ఉంటే స్టేడియంలో ఎవరు కూర్చునేవాళ్లు? విశాఖవాళ్లను విశాఖ స్టేడియంలోంచి పొమ్మన్నట్టు అయ్యేది. మన లీగుల్లో అభిమానం ఊరి సరిహద్దుల ప్రకారం పెరగదు. ఒకడికి ధోనీ, ఇంకొకడికి కోహ్లీ, మా గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు ఆడినన్నాళ్లూ కొందరికి ఆయన ఏ జట్టులో ఉంటే అదే జట్టు.

లోపలికి రానిచ్చి, వాళ్ల జెర్సీ మాత్రం వద్దంటే?

2015లో ఫ్లోరిడాలోని టంపా బే లైట్నింగ్ అనే హాకీ జట్టు, ప్లేఆఫ్స్‌లో కొన్ని ఖరీదైన సీట్ల దగ్గర అవతలి జట్టు బట్టలు వేసుకోకూడదంది. టికెట్లు కూడా రాష్ట్రంలో ఉండేవాళ్లకే అమ్మింది. ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లి చికాగో చేతిలో 4-2తో ఓడింది. చొక్కా విప్పిస్తే అభిమానం మారదు. అభిమానికి అవమానం మాత్రం మిగులుతుంది.

కానీ గొడవలు ఆగుతాయి కదా? ప్రాణాల కంటే ఆట ఎక్కువా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను తేలిగ్గా తీసుకోను. భయం నిజమైనదే. దీనికి జవాబు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముందు నిషేధం వైపు గట్టి సాక్ష్యం. 1985 మార్చి 13న ఇంగ్లండ్‌లోని లూటన్‌లో బయటి జట్టు మిల్‌వాల్ అభిమానులు మైదానంలోకి దూకి కుర్చీలు పీకి విసిరారు. దాంతో లూటన్ 1986 నుంచి నాలుగు సీజన్ల పాటు బయటి అభిమానులను రానివ్వలేదు. మ్యాచ్ రోజుల్లో ఊళ్లో అరెస్టులు బాగా తగ్గాయి. ఇది ఒప్పుకోవాలి. అయితే ఆ రూలు సడలించనన్నందుకు 1986-87 లీగ్ కప్ నుంచి లూటన్‌నే తీసేశారు. చివరికి 1990లో వాళ్లే ఆ రూలు వదులుకున్నారు.

ఇప్పుడు రెండో వైపు. 2013 జూన్‌లో అర్జెంటీనాలోని లా ప్లాటాలో ఒక మ్యాచ్‌కు వచ్చిన బయటి జట్టు లనూస్ అభిమాని, పోలీసులతో జరిగిన ఘర్షణలో చనిపోయాడు. ఆ తర్వాత దేశమంతా బయటి అభిమానులకు గేట్లు మూసేశారు. అయిదేళ్లు గడిచాయి. 2018లో దక్షిణ అమెరికా ఖండం మొత్తం ఎదురుచూసిన ఫైనల్, అర్జెంటీనా క్లబ్బులే అయిన బోకా జూనియర్స్‌కూ రివర్ ప్లేట్‌కూ. నవంబర్ 24న రివర్ స్టేడియంలో బోకా అభిమాని ఒక్కడూ లేడు. అయినా స్టేడియానికి వెళ్తున్న బోకా బస్సు మీద వీధిలోనే రాళ్లు, సీసాలు పడ్డాయి, అద్దాలు పగిలి ఆటగాళ్లకు గాయాలయ్యాయి. మ్యాచ్ ఆగిపోయింది. డిసెంబర్ 9న దాన్ని స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ఆడించారు. అక్కడ రెండు జట్ల అభిమానులకూ సీట్లిచ్చారు. ఆట సజావుగా పూర్తయింది, రివర్ 3-1తో గెలిచింది.

నెదర్లాండ్స్‌లో అయాక్స్, ఫెయనూర్డ్ మ్యాచ్‌లకు 2009 నుంచి బయటి అభిమానులు లేరు. 2023 సెప్టెంబర్ 24న ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ 0-3తో వెనకబడేసరికి, సొంత అభిమానులే మంటలు కక్కే ఫ్లేర్లు మైదానంలోకి విసిరారు. మ్యాచ్ ఆపేసి, మిగతా ఆటను మూడు రోజుల తర్వాత ఖాళీ స్టేడియంలో ఆడించారు.

చివరిది చెప్పాలంటే చెయ్యి ఆడదు. ఇండోనేసియాలో మలంగ్ ఊరు, కంజురుహాన్ స్టేడియం, 2022 అక్టోబర్ 1. సొంత జట్టు అరెమా 2-3తో పెర్సెబాయా చేతిలో ఓడింది. గొడవలవుతాయనే పెర్సెబాయా అభిమానులను ముందే రావద్దన్నారు. లోపలున్నదంతా ఒకే జట్టువాళ్లు. ఓటమి తర్వాత కొందరు మైదానంలోకి దిగారు, పోలీసులు స్టాండ్స్ మీదికి కూడా బాష్పవాయువు వదిలారు, జనం ఇరుకు గేట్ల వైపు పరుగెత్తారు. తొక్కిసలాటలో, ఊపిరాడక 135 మంది చనిపోయారు. మన పక్కనే బెంగళూరులో 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది పోయింది గెలుపు సంబరంలో. అవతలి జట్టే లేదు అక్కడ.

జనాన్ని చంపింది మూసిన గేటు, ఇరుకు దారి, లెక్కలేని రద్దీ, అడ్డూఅదుపూ లేని పోలీసు బలం. అవతలివాళ్లను ఆపేశాం కాబట్టి పని అయిపోయింది అనుకునే అధికారి, ఈ నాలుగింటినీ చూడడం మానేస్తాడు. నాకున్న పెద్ద భయం అదే.

మన దేశంలో ఇలాంటివి జరగలేదా?

జరిగాయి. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో స్టాండ్స్‌లో కొట్లాట మొదలై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. అప్పుడు రెండు జట్ల వాళ్లూ ఒకే చోట కలిసిపోయి కూర్చున్నారు. కలకత్తా దాన్నుంచి నేర్చుకున్న పాఠం గేట్లు మూయడం కాదు. డెర్బీకి, అంటే ఈ రెండు జట్ల మ్యాచ్‌కు, ఇప్పుడు రెండు జట్ల అభిమానులూ వేర్వేరు గేట్ల నుంచి వెళ్లి వేర్వేరు గ్యాలరీల్లో కూర్చుంటారు. 2024 ఆగస్టు 18న డెర్బీ రద్దయినప్పుడు, ఆర్జీ కర్ ఆసుపత్రి డాక్టరమ్మకు న్యాయం కావాలంటూ అదే అభిమానులు సాల్ట్‌లేక్ స్టేడియం ముందు భుజం భుజం కలిపి నిలబడ్డారు.

1999లో నెలరోజుల తేడాతో జరిగిన రెండు సంగతులు కూడా గుర్తు చేసుకోవాలి. జనవరి ఆఖరున చెన్నై టెస్టులో పాకిస్తాన్ 12 పరుగులతో గెలిస్తే, చెపాక్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆ జట్టు మైదానం చుట్టూ తిరిగింది. ఫిబ్రవరిలో ఈడెన్‌లో సచిన్ రనౌట్ వివాదంతో గొడవ మొదలై, చివరికి స్టాండ్స్ ఖాళీ చేయించి ఆట ముగించారు. రెండు చోట్లా కూర్చున్నది దాదాపు మనవాళ్లే.

అవతలి అభిమానులు లేకపోతే మ్యాచ్‌కు పోయేదేముంది?

2023 ప్రపంచకప్‌లో అక్టోబర్ 14న అహ్మదాబాద్‌లో జరిగిన భారత్, పాకిస్తాన్ మ్యాచ్ చూడండి. వీసాలు రాక పాకిస్తాన్ అభిమానులు దాదాపు లేరు. ఇది ఐసీసీ టోర్నమెంట్‌లా లేదు, బీసీసీఐ కార్యక్రమంలా ఉందని పాకిస్తాన్ జట్టు డైరెక్టర్ మికీ ఆర్థర్ అన్నారు. ఓడినవాళ్ల మాటగా కొట్టిపారేయకండి. దానికి నాలుగు రోజుల ముందు ఉప్పల్‌లో అదే పాకిస్తాన్ శ్రీలంక మీద 345 పరుగులు ఛేదించింది. రిజ్వాన్ 131 నాటౌట్. హైదరాబాద్ జనం ఆ జట్టును ఉత్సాహపరిచారు. ఏ మ్యాచ్ బాగుందని ఆట తెలిసినవాణ్ణి అడిగితే జవాబు చెప్పడానికి ఆలోచించక్కర్లేదు.

చట్టం ఏమంటుంది?

రాజ్యాంగం 15(2) అధికరణ ప్రకారం దుకాణాల్లో, హోటళ్లలో, ప్రజా వినోద స్థలాల్లో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ ఆపకూడదు. ఏ జట్టంటే ఇష్టం అన్నది ఆ జాబితాలో లేదు. ఇప్పుడుంటున్న చిరునామా కూడా పుట్టిన చోటుతో సమానం కాదు. కాబట్టి క్లబ్ ఇలాంటి రూలు పెడితే ఈ అధికరణ ఒక్కటి పట్టుకుని కొట్టించేయొచ్చు అనుకోకండి. నా అభ్యంతరం న్యాయం గురించి, లా పాయింట్ గురించి కాదు.

మరి ఎప్పుడూ ఎవరినీ ఆపకూడదంటారా?

ఆపాలి. మనిషిని ఆపాలి, రంగును కాదు. ఇంగ్లండ్‌లో 1989 నాటి చట్టం కింద, గొడవ చేసినవాడి మీద కోర్టు విడిగా నిషేధం వేస్తుంది, వాడు ఏ మ్యాచ్‌కూ పోలేడు. సీటు నంబరు, కెమెరా, టికెట్ మీద పేరు ఉన్న ఈ రోజుల్లో మనకూ అది కష్టం కాదు. ఫలానా మ్యాచ్‌కు ఫలానా ముప్పు ఉందని పోలీసులకు గట్టి సమాచారముంటే ఆ ఒక్క మ్యాచ్‌కు ఆపడం వేరు. అప్పుడు కూడా కారణం బయటికి చెప్పాలి, టికెట్ డబ్బులు వెనక్కివ్వాలి, వచ్చే మ్యాచ్‌కు గేటు తెరవాలి.

సీట్లు ఎన్ని ఇవ్వాలి, ఎంతకు ఇవ్వాలి?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో బయటి అభిమానులకు 3 వేల టికెట్లు ఇవ్వాలి. స్టేడియం 30 వేల కంటే చిన్నదైతే పదోవంతు. 2016-17 నుంచి ఆ టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదు. యూరప్ పోటీల్లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ అడిగేది కనీసం 5 శాతం. మనకు ఫుట్‌బాల్, కబడ్డీ లీగుల్లో ఇది బాగా నప్పుతుంది. ఐపీఎల్‌లో కుటుంబాలే రెండు రంగుల్లో వస్తాయి కాబట్టి కలిసి కూర్చోనివ్వడమే మేలు. అరిచి గోల చేసే బృందాలకు మాత్రం ఒక స్టాండ్ చూపిస్తే చాలు.

మా ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ టోర్నమెంట్ పెడుతున్నాం. పక్క ఊరివాళ్లు ట్రాక్టర్లేసుకుని వస్తే గొడవలవుతున్నాయి. రావద్దని చెప్పమంటారా?

వద్దండీ. వాళ్లు రాకపోతే మీ టోర్నమెంట్‌కు జట్లు కూడా రావు. తెనాలి వైపు, మంగళగిరి వైపు కోర్టుల దగ్గర గమనించినవి చెప్తాను.

గొడవ ఎక్కువసార్లు మొదలయ్యేది మైకు దగ్గర. మైకు పట్టుకున్నవాడు మన ఊరి రైడర్‌ను పొగిడి, పక్క ఊరివాణ్ణి ఎగతాళి చేస్తాడు. ఆ కుర్రాడి మేనమామ గట్టు మీద నుంచి లేస్తాడు. కాబట్టి ముందు మైకు ఎవరికివ్వాలో చూసుకోండి. కాస్త వయసున్న, రెండు ఊళ్లవాళ్లూ "బాబాయ్" అని పిలిచే మనిషైతే మంచిది. స్కోరు బల్ల దగ్గర రెండు జట్ల నుంచీ ఒక్కొక్కరిని కూర్చోబెట్టండి. పాయింట్ రాసేది కళ్ల ముందు కనిపిస్తే సగం అరుపులు అక్కడే ఆగిపోతాయి. వచ్చినవాళ్లకు కోర్టుకు ఒక పక్క చోటు చూపించి, "ఇది మీది" అని మైకులో చెప్పండి, మంచినీళ్ల క్యాన్ అక్కడా ఒకటి పెట్టండి. రెండు ఊళ్ల బళ్లూ ఒకేచోట పార్క్ చేయించకండి. ఆట అయ్యాక వచ్చిన ఊరివాళ్లను ముందు కదలనిచ్చి, పది నిమిషాలాగి మీవాళ్లను వదలండి. రాత్రి మ్యాచ్‌లైతే, ట్రాక్టర్లు రోడ్డెక్కేదాకా ఫ్లడ్‌లైట్లు ఆర్పొద్దు.